టైట్ ఎండ్ కుర్రాడు ఎప్పుడు ఆడతాడు: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట సమయం లెక్క

ఏటా ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ శిక్షణ శిబిరాలు మొదలవగానే ప్రతి జట్టు అభిమానుల మధ్యా ఒకే రకం ప్రశ్న తిరుగుతుంది. హైస్కూలులో పేరు మోసి, పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలన్నీ వెంటపడగా చివరికి తమ జట్టునే ఎంచుకున్న ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈ ఏడాదే మైదానంలోకి దిగుతాడా, లేక బెంచీ మీద కూర్చుంటాడా? కుర్రాడు బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాకో, పాస్‌లు పట్టే వైడ్ రిసీవరో అయితే ఈ ప్రశ్నకు జవాబు కాస్త తేలిగ్గానే దొరుకుతుంది. ఎదుటివాళ్లను అడ్డుకోవడం, పాస్‌లు పట్టడం రెండూ చేయాల్సిన టైట్ ఎండ్ అయితే మాత్రం ఏళ్ల తరబడి ఆట చూస్తున్నవాళ్లు కూడా తరచుగా పొరబడతారు. అక్కడి క్యాంపస్‌లలో చదువుకుంటూ శనివారం మధ్యాహ్నాలు స్టేడియంలో గడిపే తెలుగు విద్యార్థులకూ, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలతో కలిసి టీవీ ముందు కూర్చునే తల్లిదండ్రులకూ నియమాలన్నీ పట్టుబడినా ఈ స్థానం లెక్క ఒకంతట అంతుపట్టదు.

కుర్రాడిలో ప్రతిభ ఎంత అన్నది ఈ లెక్కలో ఒక భాగం మాత్రమే. ఆ జట్టు ఎంతమంది టైట్ ఎండ్‌లను ఒకేసారి ఆడిస్తుంది, కుర్రాడి కంటే ముందు వరుసలో ఎవరెవరు ఉన్నారు, జట్టు పరుగు ఆట ఆడుతున్నప్పుడు కూడా శిక్షకుడు అతన్ని ధైర్యంగా మైదానంలో ఉంచగలడా అన్న ప్రశ్నలకు జవాబులు తెలిస్తే తప్ప మిగతా సగం తేలదు. నా దృష్టిలో వీటిలో చివరి ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. హైస్కూలు ఆటగాళ్లకు ఇచ్చే స్టార్ల రేటింగులు దాని గురించి చాలా తక్కువ చెబుతాయి.

రెండు పనులు చేయాల్సిన ఒక్క మనిషి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టు తరఫున 11 మంది మైదానంలో ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ప్రతి ప్రయత్నమూ మధ్యలో వంగి ఉన్న సెంటర్ బంతిని వెనక్కి అందించడంతో, అంటే స్నాప్‌తో మొదలవుతుంది. అందుకే ఒక ఆటగాడు ఎంత ఆడాడన్నది నిమిషాల్లో కాక స్నాప్‌లలో లెక్కిస్తారు. ఆ 11 మందిలో ఐదుగురు అఫెన్సివ్ లైన్ వాళ్లు. ఎదుటివాళ్లను అడ్డుకోవడం, అంటే బ్లాకింగ్, వాళ్ల పని. మామూలుగా ముందుకు విసిరిన పాస్‌ను వాళ్లు పట్టకూడదు. బంతిని అందుకుని ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. ఈ ఆరుగురు పోగా మిగిలిన ఐదు చోట్లనే రన్నింగ్ బ్యాక్‌లు, వైడ్ రిసీవర్లు, టైట్ ఎండ్‌లు పంచుకోవాలి.

టైట్ ఎండ్ సాధారణంగా లైన్ చివర, టాకిల్ అనే ఆటగాడి భుజం పక్కనే నిలబడతాడు. పరుగు ఆటలో అతను లైన్‌లో ఆరో మనిషిలా పనిచేసి, ప్రత్యర్థి వరుస చివరనుండే, తనకంటే బరువైన డిఫెన్సివ్ ఎండ్‌ను నెట్టాలి. పాస్ ఆటలో వైడ్ రిసీవర్‌లా నిర్దేశించిన దారిలో పరిగెత్తి బంతి పట్టాలి. కొన్ని పాస్ ఆటల్లో ఎక్కడికీ వెళ్లకుండా అక్కడే ఆగి క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాలి. ఇప్పటి ఆటలో అతన్ని లైన్‌కు దూరంగా, లైన్‌కూ చివరి రిసీవర్‌కూ మధ్యనున్న స్లాట్‌లో నిలబెడతారు, లైన్ వెనక ఒక అడుగు లోపల నిలబెట్టి బంతి కదలక ముందే అటు నుంచి ఇటు నడిపిస్తారు. ఎక్కడ నిలబడినా పాత్ర మారుతుంది, నేర్చుకోవాల్సిన పాఠమూ మారుతుంది. లైన్ శిక్షకుడు చెప్పేదీ, రిసీవర్ల శిక్షకుడు చెప్పేదీ రెండూ తలకెక్కితే తప్ప ఈ స్థానంలో నిలదొక్కుకోలేరు. క్వార్టర్‌బ్యాక్ తర్వాత జట్టు వ్యూహాన్ని అంత లోతుగా నేర్వాల్సిన స్థానాల్లో ఇది ఒకటని ఆట తెలిసినవాళ్లు చాలామంది అంటారు.

చోట్లు ఎన్ని ఉన్నాయి

జట్టు ఎవరెవరిని మైదానంలోకి పంపిందో చెప్పడానికి రెండంకెల సంఖ్య ఒకటి వాడతారు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌ల సంఖ్య, రెండోది టైట్ ఎండ్‌ల సంఖ్య. ఐదులో మిగిలినవాళ్లు వైడ్ రిసీవర్లు. కాబట్టి 11 పర్సనెల్ అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు వైడ్ రిసీవర్లు. 12 పర్సనెల్ అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఇద్దరు వైడ్ రిసీవర్లు. 13 అయితే టైట్ ఎండ్‌లు ముగ్గురు.

కుర్రాడి భవిష్యత్తు చాలావరకు ఈ అంకెల్లోనే ఉంటుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ వేసి చూద్దాం. ఒక జట్టు ఒక మ్యాచ్‌లో 70 స్నాప్‌లు ఆడిందనుకోండి. అందులో 56 సార్లు 11 పర్సనెల్, 14 సార్లు 12 పర్సనెల్ వాడింది. టైట్ ఎండ్‌లందరికీ కలిపి దక్కేవి 56, దానికి 14 రెండింతలైన 28 కలిపి మొత్తం 84 స్నాప్‌లు. మొదటి టైట్ ఎండ్ 58 ఆడాడు. మిగిలిన 26లో రెండో స్థానంలో ఉన్న సీనియర్ 20 తీసుకున్నాడు. మూడోవాడైన కొత్త కుర్రాడికి మిగిలినవి ఆరు. ఇప్పుడు అదే జట్టు 70లో సగం, అంటే 35 స్నాప్‌లలో ఇద్దరు టైట్ ఎండ్‌లను ఆడించిందనుకుంటే మొత్తం 35, 70 కలిపి 105 అవుతుంది. మొదటివాడు అదే 58 ఆడి, రెండోవాడు 35 ఆడినా కుర్రాడికి 12 మిగులుతాయి. అతని ఆటలో ఏ మార్పూ లేకుండానే ఆట సమయం రెండింతలైంది. మారింది పథకం ఒక్కటే.

అందుకే బంతి చేతిలో ఉన్నప్పటి ఆటకు పథకం వేసే శిక్షకుడు, అంటే అఫెన్సివ్ కోఆర్డినేటర్, ఎవరన్నది టైట్ ఎండ్‌కు అంత ముఖ్యం. టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్ జట్లకు ప్రధాన శిక్షకుడిగా పనిచేసిన మైక్ లీచ్ తన ఎయిర్ రెయిడ్ పద్ధతిలో నలుగురు రిసీవర్లను పరిచి ఆడించేవాడు. అక్కడ టైట్ ఎండ్‌కు చోటే దాదాపుగా లేదు. అయోవా విశ్వవిద్యాలయం తీరు దీనికి పూర్తిగా భిన్నం. దశాబ్దాలుగా ఆ జట్టు ఆటలో టైట్ ఎండ్‌లు కేంద్రంగా ఉన్నారు, అక్కడి నుంచి వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వరుసగా వెళుతున్నారు. ఒకే కుర్రాడు ఈ రెండు జట్లలో చేరితే రెండు వేర్వేరు జీవితాలు చూస్తాడు.

శిక్షకుడి నమ్మకం బ్లాకింగ్ దగ్గరే ఎందుకు ఆగుతుంది

బంతి అందంగా పట్టే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి, పెద్దగా పట్టలేని సీనియర్‌ను ఆడించడం చూసేవాళ్లకు అన్యాయంగా కనిపిస్తుంది. దాని వెనక కారణం ఒక్క ఆటను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది.

స్ప్లిట్ జోన్ అనే పరుగు ఆట చాలా జట్లు వాడతాయి. టైట్ ఎండ్ కుడి టాకిల్‌కు పక్కన, లైన్‌కు ఒక అడుగు వెనక ఉంటాడు. స్నాప్ కాగానే లైన్‌లోని ఐదుగురూ కుడివైపు కదులుతారు. ఎడమ చివరనున్న డిఫెన్సివ్ ఎండ్‌ను కావాలనే ఎవరూ తాకకుండా వదిలేస్తారు. టైట్ ఎండ్ మాత్రం అందరికీ ఎదురుగా, లైన్ వెనక నుంచి కుడి నుంచి ఎడమకు దూసుకొచ్చి, పరిగెత్తుకొస్తున్న ఆ డిఫెన్సివ్ ఎండ్ లోపలి భుజాన్ని తన భుజంతో ఢీకొట్టి బయటికి నెట్టాలి. అర క్షణం ఆలస్యమైనా, తల తప్పుడు వైపు పెట్టినా రన్నింగ్ బ్యాక్ బంతి అందుకున్న చోటే నేలకూలుతాడు. అవతల నిలబడ్డది ఇరవై రెండేళ్లవాడు, నాలుగేళ్లు బరువులెత్తిన ఒళ్లు. ఇవతల నిరుటి దాకా హైస్కూలులో తనకంటే చిన్నవాళ్ల మీద ఆడిన పిల్లవాడు.

పాస్ ఆటకూ ఇదే పునాది. అదే కదలికను నాలుగైదు సార్లు చేశాక, మరోసారి టైట్ ఎండ్ అలాగే ఎడమకు దూసుకొచ్చి, ఢీకొడతాడనుకున్న డిఫెన్సివ్ ఎండ్‌ను దాటుకుని పక్కకు జారిపోతాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి అతనికే విసురుతాడు. చుట్టూ ఎవరూ లేని ఆ క్యాచ్ అంత తేలిగ్గా కనిపించడానికి కారణం ముందు వేసిన నాలుగు దెబ్బలు. ఆ దెబ్బలు వేయలేనివాడికి ఈ క్యాచ్ రాదు.

ఇందులోనే మరో చిక్కుంది. బ్లాకింగ్ రాని కుర్రాడిని పాస్ ఆటల్లోనే దింపుదామని శిక్షకుడు అనుకున్నాడని ఊహిద్దాం. అతను దిగిన 20 స్నాప్‌లలో 17 పాస్ ఆటలే అయితే ప్రత్యర్థి జట్టు వీడియో చూసేవాళ్లు రెండో వారానికే దాన్ని పట్టేస్తారు. ఆ కుర్రాడి జెర్సీ నంబరు మైదానంలో కనిపించగానే పాస్ రాబోతోందని డిఫెన్స్ మొత్తానికీ తెలిసిపోతుంది. అతని రాకే జట్టుకు నష్టం అవుతుంది. కుర్రాడు చెడ్డవాడు కాదు, ఒక్క పనే వచ్చిన ఒంటి చేతి ఆటగాడు. వైడ్ రిసీవర్ స్థానంలో ఇలాంటి ఒంటి చేతి ఆటగాడు నెగ్గుకురాగలడు, టైట్ ఎండ్ స్థానంలో అది కష్టం.

అయోవాలో 2018లో ఇది స్పష్టంగా కనిపించింది. ఆ ఏడాది నోవా ఫాంట్, టి.జె. హాకెన్సన్ ఇద్దరూ ఆ జట్టు టైట్ ఎండ్‌లు. అంతకుముందు ఏడాది ఫాంట్ బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించే టచ్‌డౌన్‌లు 11 చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు, వేగంలోనూ ఎగరడంలోనూ అతనికి సాటి తక్కువ. అయినా 2018 సీజన్ నడుస్తున్న కొద్దీ ఫాంట్ ఎందుకు తక్కువ ఆడుతున్నాడన్న చర్చ బాహాటంగానే సాగింది. హాకెన్సన్ బంతి పట్టడంతో పాటు బ్లాకింగ్‌లోనూ ఆరితేరి ఉండటంతో ఏ పరిస్థితిలోనైనా అతన్ని మైదానంలో ఉంచవచ్చు. ఆ సీజన్‌లో హాకెన్సన్ 49 క్యాచ్‌లతో 760 గజాలు, ఫాంట్ 39 క్యాచ్‌లతో 519 గజాలు సాధించారు. దేశంలో ఉత్తమ టైట్ ఎండ్‌కు ఇచ్చే మాకీ అవార్డు హాకెన్సన్‌కు దక్కింది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2019లో హాకెన్సన్ 8వ స్థానంలో, ఫాంట్ 20వ స్థానంలో ఎంపికయ్యారు. ఒకే కాలేజీకి చెందిన ఇద్దరు టైట్ ఎండ్‌లు ఒకే ఏడాది మొదటి రౌండ్‌లో వెళ్లడం అదే తొలిసారి. ఫాంట్‌కు జరిగింది అన్యాయమా, శిక్షకులు చేసింది సరైన పనా అన్నదానిపై ఇప్పటికీ రెండు వాదాలున్నాయి. అంత వేగమున్న ఆటగాడిని పక్కన ఉంచే పథకం పథకమే కాదనేవాళ్ల మాటలో బలం ఉంది. కానీ హాకెన్సన్ ఎక్కువ ఆడటానికి కారణం ఏమిటన్నది మాత్రం వివాదం కాదు.

మొదటి ఏడాదే వెలిగినవాళ్లు: బ్రాక్ బోవర్స్ ఉదాహరణ

మొదటి ఏడాదే ఆడలేరా అంటే, ఆడినవాళ్లున్నారు. 2021లో కాలిఫోర్నియాలోని నాపా నుంచి జార్జియా విశ్వవిద్యాలయానికి వచ్చిన బ్రాక్ బోవర్స్ తొలి సీజన్‌లోనే 56 క్యాచ్‌లు, 882 గజాలు, 13 టచ్‌డౌన్‌లు సాధించాడు. ఆ ఏడాది జార్జియా జాతీయ విజేత అయింది. 2022, 2023లలో వరుసగా మాకీ అవార్డు గెలిచి, దాన్ని రెండుసార్లు అందుకున్న తొలి ఆటగాడయ్యాడు. ప్రతి కొత్త టైట్ ఎండ్ రాగానే అభిమానులు అతన్ని బోవర్స్‌తో పోల్చడం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది.

బోవర్స్ ప్రతిభ గురించి ఎవరికీ సందేహం లేదు. అయితే అతనికి ఆ చోటు దొరికిన తీరును కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది వసంతకాలంలో జట్టు ప్రధాన రిసీవర్ జార్జ్ పికెన్స్ మోకాలి గాయంతో దూరమయ్యాడు. ఆగస్టు శిబిరంలో 6 అడుగుల 7 అంగుళాల టైట్ ఎండ్ డార్నెల్ వాషింగ్టన్ పాదానికి గాయమైంది. మరో పేరున్న ఆటగాడు ఎరిక్ గిల్బర్ట్ వ్యక్తిగత కారణాలతో జట్టుకు దూరంగా ఉన్నాడు. ముగ్గురు లేని చోట ఎవరో ఒకరు బంతి పట్టాలి. ఆ ఎవరో ఒకరు బోవర్స్ అయ్యాడు, తర్వాత ఎవరు తిరిగొచ్చినా అతన్ని కదిలించలేకపోయారు.

విశాఖపట్నం వికెట్ కీపర్ కె.ఎస్. భరత్ కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. జట్టులో కీపర్ చోటు ఒక్కటే. ముందు సాహా, పంత్ ఉన్నంతకాలం భరత్ జట్టుతో తిరుగుతూ వేచి ఉన్నాడు. 2022 డిసెంబరులో పంత్ రోడ్డు ప్రమాదానికి గురయ్యాక, 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు ఆడాడు. ప్రతిభ ఉన్నా ఖాళీ ఏర్పడాలి, ఖాళీ ఎప్పుడు ఏర్పడుతుందో ఆటగాడి చేతిలో ఉండదు.

మిషిగన్‌లో 2022లోనూ దాదాపు ఇదే జరిగింది. సీజన్ మొదట్లోనే ఎరిక్ ఆల్ గాయపడటంతో కొత్తగా వచ్చిన కోల్‌స్టన్ లవ్‌లాండ్‌కు అవకాశం పెరిగింది. అతను 16 క్యాచ్‌లతో ఆ ఏడాది ముగించి, 2025 డ్రాఫ్ట్‌లో 10వ స్థానంలో ఎంపికయ్యే దాకా ఎదిగాడు.

ఆగి ఎదిగినవాళ్లే ఎక్కువ

బోవర్స్ లాంటివాళ్ల పేర్లు గుర్తుండిపోతాయి కానీ ఈ స్థానంలో సాధారణ మార్గం అది కాదు. పెన్ స్టేట్ ఆటగాడు టైలర్ వారెన్‌ను చూడండి. హైస్కూలులో అతను క్వార్టర్‌బ్యాక్. 2020లో కాలేజీలో చేరేనాటికి టైట్ ఎండ్ స్థానంలో ముందు వరుసలో పాట్ ఫ్రైయర్‌మత్ ఉన్నాడు, అతని వెనక బ్రెంటన్ స్ట్రేంజ్ ఉన్నాడు, తనతో పాటే చేరిన థియో జాన్సన్ ఉన్నాడు. ఫ్రైయర్‌మత్ 2021లో, స్ట్రేంజ్ 2023లో రెండో రౌండ్‌లో, జాన్సన్ 2024లో నాలుగో రౌండ్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లారు. అంటే వారెన్‌కు అడ్డుగా ఉన్నవాళ్లు ముగ్గురూ వృత్తి స్థాయి ఆటగాళ్లే. అతను 2022లో పట్టింది 10 క్యాచ్‌లు, 2023లో 34. 2024లో, కాలేజీలో తన ఐదో ఏడాదిలో, 104 క్యాచ్‌లతో 1,233 గజాలు సాధించి మాకీ అవార్డు అందుకున్నాడు. ఆ అక్టోబరులో సదరన్ కాలిఫోర్నియా జట్టుపై ఒక్క మ్యాచ్‌లోనే 17 క్యాచ్‌లు, 224 గజాలు. అందులో ఒక ఆటలో సెంటర్ స్థానంలో నిలబడి తానే బంతిని స్నాప్ చేసి, తర్వాత ముందుకు పరిగెత్తి అదే ఆటలో టచ్‌డౌన్ పాస్ పట్టాడు. 2025 డ్రాఫ్ట్‌లో 14వ స్థానంలో ఎంపికయ్యాడు.

ఆ చివరి ఏడాది అంత ఎత్తుకు ఎదగడానికి అతని ఓపిక ఒక్కటే కారణం కాదు. ముందున్నవాళ్లు వెళ్లిపోయారు, 2024కు కాన్సస్ నుంచి ఆండీ కోటెల్నికీ కొత్త కోఆర్డినేటర్‌గా వచ్చి వారెన్‌ను మైదానంలో అన్ని చోట్లా వాడాడు. ఖాళీ, పథకం, సిద్ధపడిన ఆటగాడు, ఈ మూడూ ఒకే ఏడాది కలిశాయి.

జార్జ్ కిటిల్ సంగతి ఇంకా ఆశ్చర్యకరం. అయోవాలో మొదటి ఏడాది ఆడనే లేదు, 2014 సీజన్ మొత్తంలో పట్టింది ఒకే ఒక్క క్యాచ్. కాలేజీ జీవితం మొత్తం కలిపి 48 క్యాచ్‌లు, 737 గజాలు. సన్నటి కుర్రాడిగా చేరి, డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరీక్షల నాటికి 247 పౌండ్లకు, అంటే 112 కిలోలకు చేరాడు. 2017లో ఐదో రౌండ్‌లో, 146వ ఆటగాడిగా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు అతన్ని తీసుకుంది. మరుసటి ఏడాదే 1,377 గజాలతో ఒక సీజన్‌లో టైట్ ఎండ్‌ల ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు నెలకొల్పాడు. అందుకు సాయపడిన గుణాల్లో కాలేజీలో నేర్చిన బ్లాకింగ్ ముఖ్యమైనది. ఫ్లోరిడా ఆటగాడు కైల్ పిట్స్ మొదటి ఏడాది 2018లో పట్టిన క్యాచ్‌లు మూడే. 2021 డ్రాఫ్ట్‌లో అతను 4వ స్థానంలో ఎంపికయ్యాడు. అంతవరకు ఏ టైట్ ఎండూ అంత పైన ఎంపిక కాలేదు.

మొదటి ఏడాది మూడు క్యాచ్‌లు చూసి ఒక టైట్ ఎండ్ పనికిరాడని తేల్చేవాళ్లు ఈ పేర్లను గుర్తు చేసుకోవాలి. అలాగని ఆగినవాళ్లందరూ వారెన్‌లు అవుతారనుకోవడమూ పొరపాటే. ఆగి, ఆగి, ఐదేళ్లూ కిక్ ఆటలప్పుడు మాత్రమే దిగే ప్రత్యేక జట్లలోనే ఆడి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు, అందుకే వాళ్లు ఈ లెక్కలోకి రారు.

రెడ్‌షర్ట్ నియమం, నాలుగు మ్యాచ్‌ల వెసులుబాటు

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం కాలేజీలో చేరిన ఆటగాడికి ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉంటూ వచ్చింది. ఒక ఏడాది పోటీకి దూరంగా ఉండి, సాధన మాత్రం చేస్తూ, ఆ సీజన్‌ను లెక్కలో పడకుండా దాచుకోవడాన్ని రెడ్‌షర్ట్ అంటారు. పూర్వం ఒక్క మ్యాచ్‌లో దిగినా సాధారణంగా ఆ సీజన్ ఖర్చయినట్టే. 2018లో వచ్చిన మార్పుతో నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ సీజన్ మిగులుతుంది.

లెక్కలోకి వచ్చేది మ్యాచ్‌లే, స్నాప్‌లు కావు. కిక్ ఆటలో ఒక్కసారి దిగినా ఒక మ్యాచ్ అయిపోయినట్టే. 12 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక కుర్రాడు బలహీన ప్రత్యర్థులతో జరిగిన మొదటి రెండు మ్యాచ్‌ల చివర్లో, ఫలితం తేలిపోయాక ఆడాడనుకుందాం. ఏడో వారంలో రెండో టైట్ ఎండ్ చీలమండ బెణికింది. ఎనిమిదో, తొమ్మిదో మ్యాచ్‌లలో కుర్రాడు దిగాడు. ఇప్పుడు నాలుగూ అయిపోయాయి, సీనియర్ ఇంకా కోలుకోలేదు. పదో మ్యాచ్‌లో కుర్రాడిని దింపితే ఓ పది స్నాప్‌ల కోసం ఒక పూర్తి సీజన్ ఖర్చవుతుంది. దింపకపోతే జట్టు రెండు టైట్ ఎండ్‌ల పథకాన్నే వదులుకోవాలి. ఆలస్యంగా పరిపక్వమయ్యే ఈ స్థానంలో ఐదో ఏడాది విలువ చాలా ఎక్కువని వారెన్ ఉదాహరణే చెబుతోంది.  ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలన్న ప్రతిపాదన కూడా చర్చకు వచ్చింది. అది అమలైన చోట ఇలా సీజన్‌ను దాచుకోవాల్సిన అవసరమే ఉండదు.

బదిలీల కాలంలో ఆగడం ఎవరికి లాభం

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాడు తన పేరు అందులో నమోదు చేసుకుంటాడు. 2021లో ఒకసారి మారినందుకు ఏడాది ఆగాల్సిన అవసరం తీసేశారు. 2024లో, చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే వీలు వచ్చింది. దానితో పాటు ఫుట్‌బాల్ జట్టులో గరిష్ఠంగా 105 మంది అన్న పరిమితీ వచ్చింది.

ఇవన్నీ కలిసి టైట్ ఎండ్ కుర్రాడిని రెండు వైపుల నుంచీ తాకుతాయి. మూడేళ్లు కుర్రాడిని తీర్చిదిద్దడం కంటే, వేరే చోట మూడేళ్లు ఆడి ఒళ్లు గట్టిపడ్డవాణ్ణి పోర్టల్ నుంచి తెచ్చుకోవడం శిక్షకుడికి తేలిక. ఈ ఏడాది సీనియర్ వెళ్లిపోతున్నాడు, ఇక నా వంతు అని కుర్రాడు లెక్క వేసుకున్న చోటికి జనవరిలో మరొకడు వచ్చి కూర్చుంటాడు. అదే తలుపు కుర్రాడికీ తెరిచే ఉంటుంది. ఈలై స్టవర్స్ క్వార్టర్‌బ్యాక్‌గా టెక్సస్ ఎ అండ్ ఎంలో మొదలై, న్యూ మెక్సికో స్టేట్‌కు మారి, అక్కడ టైట్ ఎండ్ స్థానంలో కుదురుకుని, తర్వాత వాండర్‌బిల్ట్‌కు వెళ్లి 2024లో 49 క్యాచ్‌లతో 638 గజాలు సాధించాడు. డాల్టన్ కిన్‌కెయిడ్ చిన్న స్థాయి జట్టు శాన్ డియాగో నుంచి యూటాకు మారాడు. 2022లో తోటి టైట్ ఎండ్ బ్రాంట్ కీతీ గాయపడ్డాక అతని పాత్ర పెరిగి, ఆ సీజన్‌లో 70 క్యాచ్‌లు పట్టాడు. 2023లో మొదటి రౌండ్‌లో ఎంపికయ్యాడు.

మారడమే మంచిదని వాదించేవాళ్లు చెప్పేది ఇది: ఆటగాడి కాలం తక్కువ, గాయం ఎప్పుడు తగులుతుందో తెలియదు, సాధనలో ఎంత నేర్చినా మ్యాచ్‌లో నేర్చేది వేరు. ఉండిపోవడమే మంచిదనేవాళ్లు పథకాన్ని గుర్తు చేస్తారు. రెండు ఉద్యోగాలు నేర్చే స్థానంలో చోటు మారిన ప్రతిసారీ పిలుపులు, సంకేతాలు, లైన్ వాళ్లతో సమన్వయం మొదటి నుంచి నేర్వాలి. ఆ నేర్చుకునే ఏడాదిలో మళ్లీ బెంచీయే. నాకు రెండో వాదం ఈ ఒక్క స్థానం వరకు ఎక్కువ బలంగా తోస్తుంది. కానీ దానికో షరతు ఉంది. అతను ఉన్న జట్టు ఇద్దరు టైట్ ఎండ్‌లను నిజంగా ఆడించే జట్టు అయి ఉండాలి. ఒక్కరినే ఆడించే చోట, ముందున్నవాడికి ఇంకా రెండేళ్లు మిగిలి ఉంటే ఓపికను మెచ్చుకోవడం తప్ప దానివల్ల కుర్రాడికి ఒరిగేది తక్కువ.

సీజన్ నడుస్తున్నప్పుడు గమనించదగిన గుర్తులు

క్యాచ్‌ల సంఖ్య అన్నిటికంటే ఆలస్యంగా కనిపించే గుర్తు. దానికి ముందే కనిపించేవి వేరే ఉన్నాయి. మొదటిది ప్రత్యేక జట్లు. బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నే పంట్ సమయంలో అడ్డుకట్ట వేసే వరుసలోనో, గోలు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నే ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు లైన్ చివరనో కుర్రాడు కనిపిస్తే, నియమాలు తప్పకుండా ఒక మనిషిని ఆపగలడని శిక్షకులు నమ్మారన్నమాట. ఎత్తు, బరువు, పరుగు మూడూ ఉన్న టైట్ ఎండ్‌లను ఇలాంటి చోట్ల ముందుగా పరీక్షిస్తారు.

అతను దిగిన స్నాప్‌లు ఎలాంటివన్నది అంతకంటే విలువైన గుర్తు. 30 పాయింట్ల ఆధిక్యంలో నాలుగో క్వార్టర్‌లో ఆడిన 15 స్నాప్‌ల కంటే, రెండో క్వార్టర్‌లో మూడో ప్రయత్నం, ఒక గజం కావాల్సిన చోట ఆడిన రెండు స్నాప్‌లు ఎక్కువ చెబుతాయి. ఒక గజం కావాల్సినప్పుడు పరుగు వస్తుందని అందరికీ తెలుసు. అక్కడ కుర్రాడిని ఉంచారంటే బ్లాకింగ్ పరీక్ష నెగ్గినట్టే. మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాల్సిన చోట ఉంచితే అది ఇంకో మెట్టు. అక్కడ డిఫెన్స్ ఏ మూల నుంచి మనిషిని అదనంగా పంపుతుందో, తాను ఆగి కాపాడాలో పరిగెత్తాలో స్నాప్‌కు ముందే తేల్చుకోవాలి. తప్పితే దెబ్బ తగిలేది క్వార్టర్‌బ్యాక్‌కు.

సీజన్ చివర్లో చూడాల్సింది కాలెండరు. పోర్టల్ తెరిచే రోజులు 2026 నుంచి జనవరి 2 నుంచి 16 వరకే ఉండేలా మార్చారు, వసంతకాలంలో ఉండే రెండో అవకాశం తీసేశారు. అంతకుముందు కుర్రాడు వసంతకాల సాధనలో తన స్థానం ఏమిటో చూసుకుని ఏప్రిల్‌లో నిర్ణయం తీసుకునేవాడు. ఇప్పుడు సీనియర్లలో ఎవరు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళుతున్నారో, కోఆర్డినేటర్ ఉంటాడో పోతాడో, జట్టు పోర్టల్ నుంచి ఎవరిని తెస్తుందో పూర్తిగా తేలకముందే రెండు వారాల్లో తేల్చుకోవాలి. ఆ రెండు వారాల్లో శిక్షకుడిని అడగాల్సిన ప్రశ్న ‘నేను ఆడతానా’ అన్నది కాదు, దానికి అందరూ అవుననే అంటారు. వచ్చే ఏడాది 70 స్నాప్‌లలో ఇద్దరు టైట్ ఎండ్‌లతో ఆడేవి ఎన్ని, ఆ రెండో చోటుకు ఇప్పుడు జాబితాలో ఎవరెవరు ఉన్నారు అని అడిగితే జవాబు అంకెల్లో వస్తుంది.